యాప్ తీసేశాం, అయినా కార్డు మీద 1,499 పెండింగ్: ఆ డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఏదో వీడియో ఎడిటింగ్ యాప్ ‘ఏడు రోజులు ఫ్రీ’ అంటే, అడిగాడు కదా అని నా క్రెడిట్ కార్డు నంబరు ఇచ్చాను. ఆ రోజు ఓటీపీ వచ్చింది. 2 రూపాయలు కట్ అయి మళ్లీ వెనక్కి వచ్చాయి. యాప్ నచ్చలేదని వాడు నాలుగో రోజే ఫోన్లోంచి తీసేశాడు. నిన్న, అంటే ఎనిమిదో రోజు, నా కార్డు మీద 1,499 రూపాయలు ‘పెండింగ్’ అని చూపించింది. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ‘పెండింగ్‌లో ఉన్నదాన్ని మేమేం చేయలేం మేడమ్’ అన్నారు. మా తమ్ముడేమో కార్డు బ్లాక్ చేసేయమంటున్నాడు. న్యూజెర్సీలో ఉండే మా అక్క ‘డిస్ప్యూట్ పెట్టు, రెండ్రోజుల్లో డబ్బులొస్తాయి’ అంటోంది. ఎల్లుండే నా కార్డు బిల్లు తయారయ్యే తేదీ. టెన్షన్‌గా ఉంది. ఆ డబ్బు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇంకా పోలేదండీ. అలాగని ‘యాప్ తీసేశాం కదా, వాళ్లే వెనక్కి ఇచ్చేస్తారు’ అనుకుని కూర్చుంటే మాత్రం పోతుంది. అందుకే మిగతాది చదివే ముందు ఒక పని చేయండి. మీ అబ్బాయి ఫోన్ తీసుకుని సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి.

ఫోన్లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. అది ఫోన్లో ఉండేది కాదు, ఖాతాలో ఉండేది. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’ అని ఉంటుంది. అందులో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్తే ఆ యాప్ పేరు, కింద రద్దు చేసే బటన్ కనిపిస్తాయి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో పైన ఉండే పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ వస్తాయి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. కార్డు తమది కాబట్టి తమ ఫోన్లో వెతుకుతారు, ఏమీ కనపడక ‘సబ్‌స్క్రిప్షనే లేదు’ అనుకుంటారు. సబ్‌స్క్రిప్షన్ ఎవరి జీమెయిల్‌తో తీసుకుంటే ఆ జీమెయిల్ కిందే ఉంటుంది. పిల్లల ఫోన్లలో రెండు మూడు జీమెయిళ్లు ఉండటం మామూలే, అన్నీ మార్చి మార్చి చూడండి. ఎక్కడా లేకపోతే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఆ కంపెనీ వెబ్‌సైట్లోనే కార్డు ఇచ్చారన్నమాట. ట్రయల్ మొదలైన రోజు వచ్చిన ఈమెయిల్ వెతికి పట్టుకోండి, రద్దు చేసే దారి అందులో దొరుకుతుంది. రద్దు అయ్యాక వచ్చే సందేశాన్ని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత దాంతో పని పడుతుంది.

ఇప్పుడు ‘పెండింగ్’ సంగతి.

కార్డు మీద డబ్బు కదలడంలో రెండు అంచెలుంటాయి. మొదట కంపెనీ మీ బ్యాంకును ‘ఈ కార్డు మీద 1,499 తీసుకోవచ్చా?’ అని అడుగుతుంది. బ్యాంకు సరే అని, మీ లిమిట్‌లోంచి అంత మొత్తాన్ని పక్కన పెడుతుంది. దీన్నే ఆథరైజేషన్ అంటారు. మీకు పెండింగ్ అని కనిపిస్తున్నది ఇదే. ఆ తర్వాత కంపెనీ తన బ్యాంకు ద్వారా ‘ఆ డబ్బు పంపండి’ అని అసలు క్లెయిమ్ పంపాలి. అది సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తుంది. వచ్చాకే అది నిజమైన ఖర్చుగా మీ ఖాతాలోకి ఎక్కుతుంది. క్లెయిమ్ రాకపోతే కొన్నాళ్లకు ఆ పక్కన పెట్టింది దానంతటదే విడుదలవుతుంది. చాలా లావాదేవీలకు వారం పది రోజులు, హోటల్ అడ్వాన్సుల లాంటి వాటికి ఇంకా ఎక్కువ. ఐపీఓకు అప్లై చేసినప్పుడు షేర్లు కేటాయించేదాకా మీ డబ్బు మీ ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది చూడండి, దాదాపు అలాంటిదే.

కాబట్టి కాల్ సెంటర్ అమ్మాయి కసిరినట్టు చెప్పి ఉండొచ్చు గానీ, చెప్పింది తప్పు కాదు. ఒకసారి సరే అన్న బ్యాంకు, కంపెనీ ఒప్పుకోకుండా దాన్ని తనంతట తాను వెనక్కి తీసుకునే వీల్లేదు. మధ్యలో తెంచగలిగేది కంపెనీయే. ‘మాకు వద్దు, రద్దు చేయండి’ అని వాళ్లు తమ వైపు నుంచి సందేశం పంపితే పెండింగ్ పడిపోతుంది.

ఫ్రీ ట్రయల్స్‌లో కనిపించే పెండింగ్‌లు అన్నీ ఒకటి కావు. ట్రయల్ మొదలైన రోజే కనిపించే ఒకటో రెండో రూపాయలు కార్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి. వాటి గురించి పట్టించుకోనక్కర్లేదు. కొన్ని కంపెనీలు మాత్రం ట్రయల్ మొదట్లోనే పూర్తి చందా మొత్తానికి ఆథరైజేషన్ తీసి పెట్టుకుంటాయి. ట్రయల్‌లోపు రద్దు చేస్తే అది క్లెయిమ్ కాకుండానే రాలిపోతుంది. మీది ఈ రెండూ కాదు. ఏడు రోజులు అయిపోయి, ఎనిమిదో రోజున, సరిగ్గా సంవత్సరం చందాలా కనిపించే 1,499. ఇది అసలు వసూలే. ఓపిక పడితే దానంతటదే పోతుందని మీకు ఎవరైనా చెప్తే నమ్మకండి.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపింది ఆ మొదటి రోజు ఓటీపీ. రెండు రూపాయలకు ఓటీపీ అనుకుని కొట్టేశారు. కానీ ఆ ఓటీపీ రెండు రూపాయలకే కాదు, ముందు ముందు కట్ చేసుకోవడానికి కూడా మీ ఒప్పుదల అయి ఉండాలి. దీన్ని ఈ-మాండేట్ అంటారు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 2021 అక్టోబర్ 1 నుంచి మన దేశపు కార్డుల మీద నెలనెలా, ఏటేటా కట్ అయ్యే చెల్లింపులకు మొదట ఒకసారి ఓటీపీతో మాండేట్ నమోదు కావాలి. ఆ తర్వాత 15,000 రూపాయల లోపు వసూళ్లకు మళ్లీ ఓటీపీ అడగరు. మొదట్లో ఈ పరిమితి 5,000 ఉండేది, 2022లో పెంచారు. అందుకే 1,499 మిమ్మల్ని అడక్కుండానే వెళ్లింది. ఆ రోజు ఎస్సెమ్మెస్ ఇంకా ఉంటే తీసి చూడండి. అందులో మాండేట్ అనో, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనో, గరిష్ఠ మొత్తం ఇంత అనో రాసి ఉండొచ్చు. ఓటీపీ మెసేజ్‌లో అంకెలు తప్ప మిగతాది మనలో ఎవరూ చదవం, యాప్ కంపెనీలకు అది బాగా తెలుసు.

అదే నిబంధనల్లో మీకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఇలా డబ్బు కట్ చేసే ముందు, కనీసం 24 గంటల ముందే, బ్యాంకు మీకు ఎస్సెమ్మెస్ గానీ ఈమెయిల్ గానీ పంపాలి. ఎవరు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నవి అందులో ఉండాలి. వద్దనుకుంటే ఆపే అవకాశం కూడా ఇవ్వాలి. మీ ఫోన్లో ఏడో రోజు, ఆరో రోజు వచ్చిన మెసేజ్‌లన్నీ చూడండి. ప్రమోషన్ మెసేజ్‌ల మధ్య ఎక్కడో ఉండే అవకాశమే ఎక్కువ. స్పామ్ ఫోల్డర్ కూడా వదలకండి. నిజంగా రాలేదని తేలితే మాత్రం మీ ఫిర్యాదు స్వరూపమే మారిపోతుంది. అప్పుడు మీరు కంపెనీని బతిమాలుకునే మనిషి కాదు, ‘నాకు ముందస్తు సమాచారం ఎందుకివ్వలేదు?’ అని బ్యాంకును రాతపూర్వకంగా అడిగే ఖాతాదారు.

ఇదే ఊపులో బ్యాంకు వైపు మాండేట్ కూడా తీసేయండి. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలో ఈ-మాండేట్స్ అనో, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనో, సబ్‌స్క్రిప్షన్స్ అనో ఒక చోట ఉంటుంది. ఆ మాండేట్‌ను ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలు ఆన్‌లైన్‌లో ఇవ్వాల్సిన బాధ్యత బ్యాంకుదే. కార్డుకు బదులు యూపీఐ ఆటోపే ఇచ్చినవాళ్లయితే ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆటోపే అని వెతికి అక్కడ రద్దు చేసుకోవాలి. అక్కడ రద్దు చేసినంత మాత్రాన యాప్ దగ్గర సబ్‌స్క్రిప్షన్ రద్దయినట్టు కాదు, ఇటు చేస్తే అటు అయినట్టు కాదు. రెండు చోట్లా చేయండి.

మీ తమ్ముడి సలహా దగ్గరకొద్దాం. కార్డు బ్లాక్ చేస్తే ఇక ముందు రాబోయేవి ఆగొచ్చు గానీ, ఇప్పటికే ఓకే అయిన 1,499 ఆగదు. క్లెయిమ్ వస్తే కొత్త కార్డు ఖాతాలోకే చేరుతుంది. పైగా ఆ కార్డుకు కరెంటు బిల్లో, ఇన్సూరెన్స్ ప్రీమియమో ఆటో డెబిట్ ఉంటే అవన్నీ తప్పిపోతాయి. కార్డు నంబరు దొంగల చేతిలో పడినప్పుడు చేయాల్సిన పని అది. ఇక్కడ దొంగతనం ఏమీ జరగలేదు, మనమే ఇచ్చాం. ఊరికే జాగ్రత్తగా ఉండాలనుకుంటే బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ లావాదేవీలు, విదేశీ లావాదేవీలు ఆఫ్ చేసుకునే స్విచ్‌లు ఉంటాయి, అవి చాలు.

మీ అక్క చెప్పింది ఆవిడ ఉండే చోటికి కొంతవరకు సరిపోతుంది. అమెరికాలో క్రెడిట్ కార్డు బిల్లు మీద తప్పు లెక్క ఉంటే స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు చట్టంలో ఉంది. బ్యాంకులు కూడా విచారణ సాగుతుండగానే తాత్కాలికంగా డబ్బు జమ చేయడం మామూలే. అక్కడ కూడా పెండింగ్‌లో ఉన్నప్పుడు సాధారణంగా డిస్ప్యూట్ తీసుకోరు, ఖాతాలోకి ఎక్కాకే తీసుకుంటారు. మన దగ్గర 2017లో ఆర్బీఐ ఇచ్చిన ఆదేశాల్లో కూడా ఇలాంటి తాత్కాలిక జమ ఉంది, 10 పనిదినాల్లో వేయాలి. కానీ అది మీకు తెలియకుండా, మీ అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకు. మీరు ఓటీపీ ఇచ్చారు. తొందర్లో ఫోన్ చేసి ‘ఇది ఫ్రాడ్’ అని మాత్రం చెప్పకండి. వాళ్లు వెంటనే కార్డు ఆపేస్తారు, తర్వాత ఓటీపీ రికార్డు చూసి మీ ఫిర్యాదు కొట్టేస్తారు. చెప్పాల్సిన మాట: ‘ఫ్రీ ట్రయల్ తర్వాత వసూలు చేశారు, సేవ వాడలేదు, రద్దు చేశాను, కంపెనీని రీఫండ్ అడిగాను.’

మొహమాటం లేకుండా ఒకటి చెప్తాను. ట్రయల్‌లోపు మీరు నిజంగా రద్దు చేయలేదు కాబట్టి, కంపెనీ ‘మా షరతులు ముందే చెప్పాం’ అంటే మీ వాదన బలహీనమే. అందువల్ల మీకున్న బలమంతా తొందరపడటంలోనే ఉంది. ప్లే స్టోర్ ద్వారా కొన్నదైతే 48 గంటల్లోపు గూగుల్‌నే రీఫండ్ అడగొచ్చు. తప్పకుండా ఇస్తారని కాదు, ఇచ్చే అవకాశం అప్పుడే ఎక్కువ. ఆ గడువు దాటితే యాప్ తయారుచేసినవాళ్లనే అడుక్కోమంటారు. మీకు నిన్న పడింది కాబట్టి ఈ రాత్రికే అడగండి. ఆపిల్ అయితే తీరు వేరు, పెండింగ్ ఉన్నంతసేపు రీఫండ్ అడగనివ్వదు, అది పూర్తయ్యాక అడగాలి. కంపెనీకి నేరుగా రాసేటప్పుడు కోపం, శాపనార్థాలు వద్దు. ఖాతా ఈమెయిల్, వసూలైన తేదీ, మొత్తం, యాప్‌ను నాలుగో రోజే తీసేశామని, ఆ తర్వాత ఒక్కసారి కూడా వాడలేదని, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేశామని, మొత్తాన్ని వదిలేయమని లేదా వాపసు ఇవ్వమని నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. వాడలేదన్న సంగతి వాళ్ల సర్వర్‌లోనే కనిపిస్తుంది, చాలా కంపెనీలు ఆ ఒక్క కారణంతో ఇచ్చేస్తాయి.

వాళ్లు ఒప్పుకుంటే డబ్బు ఎలా వస్తుందో తెలుసుకుని ఉండండి, లేకపోతే ఇంకో టెన్షన్ మొదలవుతుంది. పెండింగ్‌లో ఉండగానే రద్దు చేస్తే మీ స్టేట్‌మెంట్‌లో 1,499 జమ అని ఏ వరుసా రాదు. పెండింగ్ వరుస మాయమై, లిమిట్ మళ్లీ పెరుగుతుంది, అంతే. చాలామంది ‘రీఫండ్ చేశామన్నారు, ఎక్కడా రాలేదే’ అని నెలల తరబడి వెతుకుతుంటారు. అసలు డబ్బు పోలేదు కాబట్టి వచ్చేదీ ఉండదు. ఖాతాలోకి ఎక్కాక ఇస్తే అప్పుడు విడిగా జమ వరుస వస్తుంది, దానికి మామూలుగా వారం దాకా పడుతుంది. అంతకు మించితే కంపెనీని ఏఆర్ఎన్ (అక్వైరర్ రిఫరెన్స్ నంబర్) అడగండి. 23 అంకెల నంబరు అది. దాన్ని ఇస్తే మీ బ్యాంకు ఆ రీఫండ్ ఎక్కడ ఆగిందో వెతకగలదు. ‘చేసేశాం’ అని నోటిమాటగా చెప్పే కంపెనీ నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. ఒకవేళ యాప్ విదేశీ కంపెనీదై డాలర్లలో వసూలు చేస్తే, పెండింగ్‌లో కనిపించిన మొత్తం, చివరికి ఎక్కే మొత్తం కాస్త తేడాగా ఉంటాయి. మారకం రేటు, బ్యాంకు దాని మీద వేసుకునే అదనపు రుసుము (మార్కప్), ఆ రుసుము మీద జీఎస్టీ. అది ఇంకో మోసం అనుకోకండి.

ఈ హడావిడిలో గూగుల్‌లో ఆ యాప్ పేరు కొట్టి ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతకొద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను. రీఫండ్ కోసం వెతికేవాళ్ల కోసమే దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. తెలుగులోనే, ఎంతో మర్యాదగా, ‘మేడమ్, రీఫండ్ ప్రాసెస్ చేస్తున్నాం, ఒక యాప్ వేసుకోండి’ అంటారు. అది మీ ఫోన్ తెర వాళ్లకు చూపించే యాప్. ‘డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికే కావాలి. 1,499 కోసం వెళ్లి ఖాతా మొత్తం పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది. నంబరు యాప్ లోపల, లేదా కార్డు వెనక ఉన్నదే వాడండి. పొరపాటున ఎవరైనా చిక్కుకుంటే ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కంపెనీ జవాబివ్వకపోతే? ఖాతాలోకి ఎక్కిన రోజున బ్యాంకులో రాతపూర్వకంగా డిస్ప్యూట్ పెట్టండి. ఫోన్లో చెప్పినా సరే, ఫిర్యాదు నంబరు తీసుకోండి. బిల్లులో ఒక లెక్కకు మీరు అభ్యంతరం చెప్తే 30 రోజుల్లోపు బ్యాంకు వివరణ ఇవ్వాలి. ఆ గడువు దాటినా, జవాబు మీకు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. సందేహాలకు 14448కి చేయండి. కంపెనీ మీద అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ మాట్లాడేటప్పుడు ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అనే మాట వాడండి. 2023 నవంబర్ 30న కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతులు చెప్పారు, అందులో ఇదొకటి. రద్దు బటన్ దాచడం, రద్దు చేయడాన్ని చిక్కుముడిలా చేయడమే కాదు, ఉచిత సబ్‌స్క్రిప్షన్ కోసం కార్డు వివరాలో ఆటో డెబిట్ అనుమతో ఇచ్చి తీరాలని బలవంతపెట్టడం కూడా దాని కిందకే వస్తుంది. రూల్ పుస్తకంలో ఇంత స్పష్టంగా ఉన్నా మన ఫోన్లలో సగం యాప్‌లు అదే పని చేస్తున్నాయి, అది వేరే సంగతి.

మీ అబ్బాయి మళ్లీ ఏదో ఒక ట్రయల్ అడుగుతాడు, తప్పదు. ప్లే స్టోర్‌లో ట్రయల్ మొదలుపెట్టిన వెంటనే రద్దు చేసినా సాధారణంగా ఆ ఏడు రోజులూ వాడుకోనిస్తారు. రద్దు చేసేటప్పుడు ‘ఫలానా తేదీ దాకా వాడుకోవచ్చు’ అని తెర మీదే చూపిస్తుంది, అది చదివి నొక్కమనండి. కొన్ని సేవలకు మాత్రం రద్దు చేసిన క్షణమే ట్రయల్ ఆగిపోతుంది. అలాంటప్పుడు చివరి తేదీకి రెండు రోజుల ముందుకు ఫోన్లో అలారం పెట్టించండి. ఆఖరి రోజు రాత్రి చేద్దాం అనుకోవద్దు. ఆపిల్ అయితే 24 గంటల ముందే రద్దు చేయాలంటుంది. విదేశీ కంపెనీల గడియారం మనతో పాటు అర్ధరాత్రి కొట్టదు.

ఇక ఎల్లుండి బిల్లు. అప్పటికి ఆ 1,499 పెండింగ్‌లోనే ఉంటే ఈ బిల్లులో రాదు, వచ్చే నెల బిల్లుకు పోతుంది. అప్పుడు మీకు కంపెనీతో తేల్చుకోవడానికి నెల రోజులు దొరికినట్టే. ఎల్లుండిలోపు ఖాతాలోకి ఎక్కితే ఈ బిల్లులోనే ఉంటుంది. కంగారు పడకండి, కట్టడానికి గడువు తేదీ ఇంకా రెండు మూడు వారాల దూరంలో ఉంటుంది. ఆలోపు రీఫండ్ వస్తే, మీరు ఇంకా కట్టకపోయి ఉంటే, దాన్ని ఈ బిల్లులో కట్టాల్సిన మొత్తంలోంచే తగ్గించాలని 2022లో క్రెడిట్ కార్డుల మీద ఆర్బీఐ ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. తగ్గించారో లేదో కట్టే ముందు ఒకసారి చూసుకోండి. గడువు దాకా ఏమీ తేలకపోతే మాత్రం పంతానికి పోయి ఆ 1,499 ఒక్కటీ వదిలేసి మిగతాది కట్టకండి. బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ ఆ 1,499 మీద మాత్రమే పడి ఊరుకోదు, కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. పూర్తిగా కట్టేసి, డిస్ప్యూట్ నంబరు చేతిలో పెట్టుకుని కొట్లాడండి.